ఫామ్‌లో ఎఫ్ అనే అక్షరం

నేనెప్పుడూ గుర్రం ఎక్కలేదు. చిన్నప్పుడు నెక్లెస్ రోడ్డు మీద డబ్బులిస్తే ఒక రౌండు తిప్పే గుర్రాలుండేవి. నాన్న ఎక్కించబోతే భయపడి ఏడ్చానట. పెళ్ళిలో కూడా కారులోనే ఊరేగాను. అలాంటివాణ్ణి 2019 నుంచి, ఒక్క 2020 తప్పిస్తే, ప్రతి ఏప్రిల్లోనూ మాంచెస్టర్‌లో మా ఆఫీసు వాళ్ళకి గ్రాండ్ నేషనల్ రేసు మీద ప్రివ్యూ రాస్తున్నాను. ఏ గుర్రానికి గెలిచే అవకాశం ఉంది, ఎందుకు. దేన్ని నమ్మకూడదు, ఎందుకు. రెండు పేజీలు, చివర్లో నాలుగు పేర్లు. పందెం మాత్రం కాయను. అమ్మకి మాటిచ్చాను.

ఆ మాట వెనకాల మావయ్య ఉన్నాడు.

మా ఇల్లు సైదాబాద్‌లో. బస్సు మలక్‌పేట రేసుకోర్సు గోడ పక్కనుంచి పోతుంటే అమ్మ మొహం అటు తిప్పుకునేది. రేసులున్న రోజు మావయ్య ఆ గోడ లోపల ఉండేవాడు. లేని రోజు మా వరండాలో కూర్చుని, ఎర్ర పెన్నుతో రేసు పుస్తకంలో గీతలు గీస్తుండేవాడు. ఆ ఏకాగ్రత చూసి, తెలియనివాళ్ళు గ్రూప్ వన్‌కి ప్రిపేర్ అవుతున్నాడనుకునేవారు. "ఇది జూదం కాదక్కా, స్కిల్లు. సుప్రీంకోర్టే చెప్పింది" అనేవాడు. పెద్దయ్యాక వెతికి చూశాను, నిజమే. రమ్మీ నైపుణ్యం ఉన్న ఆట అని 1968లోనే చెప్పారు, అదీ సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్బు మీద పెట్టిన కేసులో. గుర్రప్పందేలూ అంతేనని 1996లో మద్రాసు నుంచి వెళ్ళిన కేసులో తేల్చారు. న్యాయం మావయ్య పక్షానే ఉంది. గుర్రాలే లేవు. ముందు హయత్‌నగర్ దగ్గరి ప్లాటు పోయింది, తర్వాత అత్తయ్య గాజులు పోయాయి.

అందుకే నేను ప్రివ్యూ రాస్తున్నానని ఫోన్లో చెప్పగానే అమ్మ అడిగిన మొదటి మాట: "ఏరా, మీ మావయ్య పుస్తకం మళ్ళీ తెరిచావా?"

తెరిచాను. కాకపోతే ఇది వేరే పుస్తకం.

మలక్‌పేటలో గుర్రాలు చదును నేల మీద పరిగెత్తుతాయి. ఒకటిన్నర నిమిషమో రెండున్నర నిమిషాలో, అంతే. బ్రిటన్‌లో, ఐర్లండ్‌లో చలికాలమంతా నడిచేవి జంప్ రేసులు. 1752లో ఐర్లండ్‌లోని కార్క్ ప్రాంతంలో ఇద్దరు మనుషులు ఒక ఊరి చర్చి గోపురం నుంచి ఇంకో ఊరి చర్చి గోపురం దాకా, మధ్యలో ఏ గోడ అడ్డమొస్తే ఆ గోడ, ఏ వాగు అడ్డమొస్తే ఆ వాగు దూకుతూ పందెం వేసుకున్నారని చెప్తారు. గోపురాన్ని స్టీపుల్ అంటారు కాబట్టి ఆ పందేనికి స్టీపుల్‌చేజ్ అని పేరు. ఇప్పుడు గోడలూ వాగులూ పోయి, వాటి బదులు కంచెలొచ్చాయి. తక్కువలో తక్కువ నాలుగున్నర అడుగుల ఎత్తు. దూరం రెండు మైళ్ళ నుంచి నాలుగు మైళ్ళ పైదాకా.

వీటన్నిటిలోకీ పెద్దది లివర్‌పూల్ శివార్లలోని ఎయింట్రీలో జరిగే గ్రాండ్ నేషనల్. దాదాపు ఏడు కిలోమీటర్లు, ముప్ఫై జంపులు, తొమ్మిది నిమిషాల పైచిలుకు. జీవితంలో ఎప్పుడూ పందెం కాయనివాళ్ళు కూడా ఆ ఒక్కరోజు ఓ పౌండు పెడతారు. మన దగ్గర సంక్రాంతికి మాత్రమే కోడిపందేల దగ్గర కనిపించే మర్యాదస్తుల్లాగా.

నాకు దీన్ని పరిచయం చేసింది మా టీంలోని ఒక లివర్‌పూల్ పెద్దాయన. రిటైర్మెంటుకి దగ్గర్లో ఉండేవాడు. ఆఫీసులో చీటీలు తీసే ఆట ఒకటుంది. టోపీలో గుర్రాల పేర్లు వేసి తలా ఒకటి తీస్తారు. నేను తీసిన చీటీలోని గుర్రం గురించి "ఇది మంచిదేనా?" అని అడిగితే, నవ్వి, పేపర్లో ఒక వరస చూపించి "చదువు" అన్నాడు.

ఆ వరస ఇలాంటిది: 31పీ2-1ఎఫ్4.

దాన్ని ఫామ్ అంటారు. ఎడమ నుంచి కుడికి, పాత రేసు నుంచి కొత్త రేసుకి. 3 అంటే మూడో స్థానం, 1 అంటే గెలుపు. గీత దగ్గర ఒక సీజన్ అయిపోయి ఇంకోటి మొదలైనట్టు. పీ అంటే అలిసిపోయో, ఆశలేకో జాకీ మధ్యలోనే ఆపేశాడు. యూ అంటే గుర్రం నిలబడింది గానీ జాకీ పడ్డాడు. ఆర్ అంటే గుర్రం దూకనని మొండికేసింది. బీ అంటే వేరే గుర్రం పడుతూ దీన్ని కూడా పడేసింది. ఎఫ్ అంటే పడిపోయింది.

ఏడు గుర్తుల్లో ఒక జీవితం. అంత పొదుపైన వాక్యాన్ని నేను మళ్ళీ చూళ్ళేదు. చదునుగా పరిగెత్తే మేలుజాతి గుర్రాల్ని మూడు నాలుగేళ్ళకే సంతానం కోసం పక్కకి తీసుకెళ్ళిపోతారు. జంప్ గుర్రాల్లో ఎక్కువ భాగం విత్తులు కొట్టినవి, అందుకని పదేళ్ళు, పన్నెండేళ్ళు వచ్చేదాకా పరిగెత్తుతూనే ఉంటాయి. అంచేత ఒకే గుర్రాన్ని ఆరేడు చలికాలాల పాటు చూడొచ్చు, వారపత్రికలో సీరియల్ చదివినట్టు. పోయిన ఏడాది బురదలో తేలిపోయింది, ఈ ఏడాది గట్టినేల కోసం చూస్తున్నారు. ఎడమ మలుపులో బాగుంటుంది, కుడి మలుపులో పక్కకి జారుతుంది. రెండు నెలల్లో నాకు పిచ్చి పట్టేసింది.

ఇంక నేను ఇంజనీర్ని కదా. పైథాన్‌లో ఒక మోడల్ రాశాను.

ప్రివ్యూ రాయడమంటే కొన్ని ప్రశ్నలకి జవాబులు వెతకడం. ఇంత దూరం పరిగెత్తగలదా? ఆ రోజు నేల ఎంత తడిగా ఉంటుంది, దీనికి ఆ తడి నచ్చుతుందా? శుభ్రంగా దూకుతుందా? అన్నిటికన్నా ముఖ్యమైనది, ఎంత బరువు మోస్తోంది?

బరువు సంగతి వినగానే నాకు ఈ ఆట మీద గౌరవం పెరిగింది. నేషనల్‌లో గుర్రాలన్నీ సమానంగా బయల్దేరవు. హాండిక్యాపర్ అనే అధికారి ఒక్కో గుర్రానికి ఒక్కో రేటింగ్ ఇస్తాడు. బాగా పరిగెత్తేదానికి ఎక్కువ బరువు, అంతంత మాత్రం దానికి తక్కువ. ఆయన లెక్క నిజంగా సరైనదైతే అన్నీ ఒకేసారి గీత దాటాలి. 1973లో క్రిస్ప్ అనే గుర్రం 12 స్టోన్లు, అంటే 76 కిలోలు మోస్తూ అందరికన్నా చాలా ముందు పరిగెత్తింది. వెనక రెడ్ రమ్, దాని మీద 10 స్టోన్ల 5 పౌండ్లు. పది కిలోల పైన తేడా. ఆఖరి కంచె తర్వాత దాదాపు 450 మీటర్లు వట్టి పరుగు ఉంటుంది. అక్కడ క్రిస్ప్ కాళ్ళు తడబడ్డం వీడియోలో స్పష్టంగా కనిపిస్తుంది. గీతకి కొన్ని అడుగుల ముందు రెడ్ రమ్ దాటేసింది. ముప్పావు గుర్రం పొడవు తేడాతో క్రిస్ప్ ఓడిపోయింది. రెడ్ రమ్ ఆ తర్వాత 1974లో, 1977లో కూడా గెలిచి ఈ రేసుకే మారుపేరైంది. కానీ ఆ మొదటి గెలుపు చూసిన ప్రతిసారీ నాకు ఓడినదాని మీదే కన్ను పోతుంది.

ఇంత తెలిసినా నా ప్రివ్యూలు ఘోరంగా తప్పేవి. 2019లో టైగర్ రోల్ గురించి "రెడ్ రమ్ తర్వాత వరసగా రెండుసార్లు ఎవరూ గెలవలేదు, కాబట్టి ఇదీ గెలవదు" అని రాశాను. గెలిచింది. 2021లో రేచల్ బ్లాక్‌మోర్ మినెల్లా టైమ్స్ మీద గెలిచి, ఈ రేసు గెలిచిన మొదటి మహిళా జాకీ అయింది. నా నాలుగు పేర్లలో ఆ గుర్రం లేదు. 2022లో ఇంకా అన్యాయం. "1940 తర్వాత ఏడేళ్ళ గుర్రం ఏదీ గెలవలేదు" అని మొదటి పేరాలోనే ఏడేళ్ళ గుర్రాలన్నిటినీ కొట్టేశాను. నోబుల్ యేట్స్ అనే ఏడేళ్ళ గుర్రం, యాభైకి ఒకటి ధరలో, శామ్ వేలీ-కోహెన్ అనే అమెచ్యూర్ జాకీ తన ఆఖరి రేసు పరిగెత్తిస్తుండగా గెలిచింది. ఇంజనీరింగ్‌లో దీన్ని ఓవర్‌ఫిట్టింగ్ అంటాం. గతాన్ని బట్టీ పట్టి, అర్థమైందనుకోవడం.

ఇక్కడ ఒక సంగతి ఒప్పుకోవాలి. నేను పుస్తకాల మీద కూడా రాస్తుంటాను. పదేళ్ళుగా కథల మీద, నవలల మీద, కవిత్వం మీద సమీక్షలు రాశాను. వాటిలో ఒక్కటి కూడా తప్పని తేలలేదు. తేలే వీలే లేదు. "ఈ నవల నిలబడదు" అని రాస్తే అది నిలబడిందో లేదో చూడ్డానికి యాభై ఏళ్ళు పడుతుంది, అప్పటికి నేనుండను. ప్రివ్యూ అలా కాదు. శనివారం పొద్దున పంపిస్తే సాయంత్రానికి తేలిపోతుంది. ముప్ఫై మంది ముందు. "ఎందుకంటే" అనే మాట రాసేముందు చెయ్యి వణకడం నాకు గుర్రాలే నేర్పాయి.

మోడల్ విషయంలో బిల్ బెంటర్ కథ నాకు చాలా సాయం చేసింది. హాంకాంగ్‌లో కంప్యూటర్ మోడల్‌తో పందేలు కాసి కోట్లు గడించిన అమెరికన్ ఆయన. అక్కడివి చదును రేసులే గానీ లెక్క ఎక్కడైనా ఒకటే. 1994లో తన పద్ధతి గురించి ఒక పేపర్ రాశాడు. తన మోడల్ ఒక్కటే సరిపోలేదనీ, జనం పందేల్లోంచి పుట్టిన ధరని కూడా దానితో కలిపాకే పని చేసిందనీ అందులో ఉంటుంది. ధర అంటే అందరి అభిప్రాయం. ఎనిమిదికి ఒకటి అంటే, తొమ్మిదిసార్లు ఇదే రేసు జరిగితే ఒకసారి గెలుస్తుందని జనం అనుకుంటున్నారన్నమాట. కాబట్టి అసలు ప్రశ్న ఏది గెలుస్తుందని కాదు, ఈ ధర తప్పా అని. మావయ్యకి ఈ ముక్క ఎవరైనా చెప్పుంటే బాగుండేది. చెప్పినా వినేవాడు కాదనుకోండి.

2023లో నాకు దొరికింది.

కొరాక్ రాంబ్లర్. తొమ్మిదేళ్ళ గుర్రం, స్కాట్లాండ్‌లో లూసిండా రసెల్ శిక్షణ. నేషనల్‌కి బరువులు ఫిబ్రవరిలోనే ప్రకటిస్తారు. ఆ తర్వాత ఎన్ని గెలిచినా అదనంగా బరువు వెయ్యరు. ఈ గుర్రం మార్చిలో చెల్టెన్‌హామ్‌కి వెళ్ళి అల్టిమా అనే పెద్ద హాండిక్యాప్ రేసుని వరసగా రెండో ఏడాది గెలిచింది. అంటే హాండిక్యాపర్‌కి కొత్త సంగతి తెలిసింది గానీ, ఏప్రిల్లో గుర్రం వీపు మీద పాత బరువే. 10 స్టోన్ల 5 పౌండ్లు, 1973లో రెడ్ రమ్ మోసినంత. వెనక దాక్కుని ఆఖర్లో వచ్చే రకం, దూరం ఎంతున్నా ఇబ్బంది లేదు. నా నాలుగు పేర్లలో మొదటిది ఇదే రాశాను. కారణాలు ఆరు వాక్యాల్లో.

ఏప్రిల్ 15, శనివారం. టీవీ ముందు కూర్చున్నాను. ఆఫీసు గ్రూపు కోసం షీటు తెరిచి పెట్టాను. ఎవరికి ఏ చీటీ వచ్చిందో ఒక వరస, ఫలితానికి ఒక వరస. జంతుహక్కుల వాళ్ళు ట్రాక్ మీదకి రావడంతో రేసు పావుగంట ఆలస్యమైంది. తర్వాత 39 గుర్రాలు బయల్దేరాయి. మొదటి కంచె దగ్గరే కొన్ని పడ్డాయి. కామెంటేటర్ పేర్లు చదివాడు, కెమెరా ముందుకెళ్ళిపోయింది. నేను షీటులో హిల్ సిక్స్‌టీన్ పక్కన ఎఫ్ అని కొట్టి, నా గుర్రాన్ని వెతుక్కున్నాను.

డెరెక్ ఫాక్స్ ఆ గుర్రాన్ని తెచ్చిన తీరు ఇప్పటికీ కళ్ళముందుంది. తొందర లేదు. సందు దొరికిన చోట ఒక్కో గుర్రాన్నీ దాటుకుంటూ, చివరి కంచెకల్లా ముందుకొచ్చేసింది. నేను సోఫా మీద నిలబడి అరిచాను. మా ఆవిడ లోపల్నుంచి "ఎంత పెట్టావు నిజం చెప్పు" అంది. పైసా పెట్టలేదని నమ్మించడానికి పది నిమిషాలు పట్టింది. గ్రూపులో అభినందనలు. లివర్‌పూల్ పెద్దాయన "ఆరు కారణాలూ సరిగ్గా చెప్పావు" అని పెట్టాడు. పదేళ్ళ సమీక్షలకి రాని ఆనందం.

సాయంత్రం షీటు మూసేద్దామని చూస్తే హిల్ సిక్స్‌టీన్ వరసలో ఎవరో ఒక కామెంట్ పెట్టారు. ఆ చీటీ ఆ నెలే చేరిన ఇంటర్న్ అమ్మాయికి వచ్చింది. రేసులు చూడ్డం అదే మొదటిసారి అనుకుంటా. నేను కొట్టిన ఎఫ్ కింద రెండే మాటలు:

"బతికే ఉందా?"

లేదు. మొదటి కంచె దగ్గరే చనిపోయింది. అప్పటికే వార్తల్లో వచ్చేసింది. ఆ మూడు రోజుల పండగలో చనిపోయిన మూడో గుర్రం. నాకు తెలీదు. తెలుసుకోవాలని కూడా తోచలేదు.

ఏం రాయాలో తెలీక "సారీ, లేదు" అని రాశాను. ఆ అమ్మాయి ఇంకేమీ అనలేదు. సోమవారం ఆఫీసులో నా గెలుపుకి డోనట్లు తెచ్చారు.

ఆ రాత్రి మోడల్ కోడ్ తెరిచాను. ఎందుకో నాకే తెలీదు. డేటా శుభ్రం చేసే ఫంక్షన్‌లో, నేను నాలుగేళ్ళ కిందట రాసిన ఒక లైను ఉంది. డ్రాప్‌ఎన్ఏ. డేటాతో పని చేసేవాళ్ళందరికీ తెలిసిన మామూలు కమాండ్. విలువ లేని వరసల్ని తీసిపారేస్తుంది. ఎఫ్, పీ, యూ, బీ, ఆర్ అంకెలు కావు, కాబట్టి వాటిని ఖాళీగా మార్చి, ఆ వరసలన్నీ తీసేశాను. 2023 రేసులో 39 బయల్దేరితే గీత దాటినవి 17. నా మోడల్ దృష్టిలో మిగతా 22 ఆ రోజు ఎయింట్రీకి రానేలేదు. ఇంటికొచ్చినవాటిని చూసి మాత్రమే అది లోకం గురించి నేర్చుకుంది.

ఇది తప్పుడు కోడ్ అని ఏ జూనియర్ అయినా చెప్తాడు. సర్వైవర్‌షిప్ బయాస్, పాఠ్యపుస్తకంలో ఉండేదే. సరిచెయ్యడం కూడా గంట పని. చేశాను, అంచనాలు కాస్త మెరుగుపడ్డాయి కూడా. నన్ను పట్టుకున్నది అది కాదు. నాలుగేళ్ళలో ఆ లైను పక్కనుంచి ఎన్నిసార్లు పోయానో, ఒక్కసారీ ఆగలేదు. అమ్మలాగా మొహం తిప్పుకున్నా అర్థం ఉండేది, నేను అసలు చూడనేలేదు.

ఆ డిసెంబర్లో హైదరాబాద్ వెళ్ళినప్పుడు మావయ్యని కలిశాను. ఇప్పుడు మోకాళ్ళ నొప్పులు, రేసులు మానేసి చాలా ఏళ్ళైంది. టీ తాగుతూ అడిగాను.

"మావయ్యా, మలక్‌పేటలో గుర్రాలు పడిపోవడం చూశావా ఎప్పుడైనా?"

చాలాసేపు ఆలోచించాడు.

"పడేవేమోరా అల్లుడూ. ఇన్నేళ్ళలో పడకుండా ఉంటాయా? నాకు ఒక్కటీ గుర్తులేదు. నేను గుర్రాల్ని ఎక్కడ చూశాను? బోర్డే చూసేవాణ్ణి."

అత్తయ్య లోపల్నుంచి వింటోందని ఇద్దరికీ తెలుసు. మాట మార్చేశాం.

తిరిగొచ్చాక జనవరిలో, మొదటిసారి నిజం గుర్రాల్ని చూడ్డానికి హేడాక్ వెళ్ళాను. మాంచెస్టర్‌కీ లివర్‌పూల్‌కీ మధ్యలో ఉంటుంది. ఐదేళ్ళుగా నేను లెక్కలు కడుతున్న జీవులు ప్యాడాక్‌లో గుండ్రంగా నడుస్తున్నాయి. వీపుల మీంచి చలికి ఆవిరి లేస్తోంది. ఒక పిల్ల గుర్రాన్ని నడిపిస్తూ దాని చెవిలో ఏదో చెప్తూనే ఉంది, ఇంటి దగ్గర కుక్కతో మాట్లాడినట్టు. రేసు మొదలయ్యాక ఒక కంచెకి వీలైనంత దగ్గరగా వెళ్ళి నిలబడ్డాను. టీవీలో వినపడనివి చాలా ఉన్నాయి. ముందు నేల అదురుతుంది. తర్వాత జాకీలు ఒకళ్ళనొకళ్ళు అరుచుకోవడం, బర్చ్ పుల్లలు పటపట విరగడం, అరటన్ను బరువు నేలకి దిగిన చప్పుడు. ఆ దూకడంలో ఒక అందం ఉంది, దాన్ని లేదనడం అబద్ధం అవుతుంది.

రెండో రౌండులో ఒకటి పడింది. కంచె అవతల పక్కకి ఒరిగి, కదల్లేదు. మనుషులు పరిగెత్తారు. నా పక్కనున్న ముసలావిడ కళ్ళు మూసుకుంది. ఎంతసేపో తెలీదు, నా లెక్కలో చాలాసేపు. తర్వాత అది ముందుకాళ్ళు చాపి, ఒక్క ఊపున లేచి, ఒళ్ళు విదిలించుకుంది. జనం చప్పట్లు కొట్టారు. గెలిచినదానికి కొట్టినదానికన్నా గట్టిగా.

మర్నాడు దాని ఫామ్ చూశాను. చివర ఎఫ్ అని ఉంది. హిల్ సిక్స్‌టీన్‌కి చివర ఉన్నదీ అదే అక్షరం.

2024కి నేషనల్‌లో చాలా మార్పులు చేశారు. 40 గుర్రాల బదులు 34. మొదటి కంచెని బయల్దేరే చోటుకి దగ్గరగా జరిపారు, దాన్ని చేరేసరికి వేగం తగ్గుతుందని. ఇంకో కంచె ఎత్తు తగ్గించారు, అర్హతకి రేటింగ్ పెంచారు. ఆ ఏడాది 32 బయల్దేరాయి, 21 గీత దాటాయి, ఒక్కటంటే ఒక్కటి కూడా పడలేదు. నా కొరాక్ రాంబ్లర్ మొదటి కంచె దగ్గరే జాకీని పడేసి పోయింది. దాన్ని గెలిపించిన నా ఆరు కారణాల మాటేమిటంటారా? తొమ్మిదిసార్లలో ఒకసారి గెలుస్తుందని ధర ముందే చెప్పింది. నేను దాన్ని ప్రతిభ అనుకున్నాను.

ఇవి ఆపెయ్యాలనేవాళ్ళ వాదన నాకు అర్థమవుతుంది. గుర్రాన్ని ఎవరూ అడగలేదు. ఆపెయ్యకూడదనేవాళ్ళ వాదనా కొంత అర్థమవుతుంది. ఈ రేసులే లేకపోతే ఈ గుర్రాలు పుట్టేవే కావు, వాటిని పెంచేవాళ్ళు నిజంగానే ప్రేమిస్తారు, హేడాక్‌లో ఆ పిల్లని చూశాను. రెండు వాదనల మధ్యా ఒక తీర్పు రాయమంటే నా వల్ల కావడంలేదు. మానేద్దామనుకుని, మార్చి రాగానే మళ్ళీ ఫామ్ తెరిచాను. మావయ్య రక్తం అని అమ్మ అంటుంది.

కాకపోతే రెండు మార్చుకున్నాను. ప్రివ్యూలో ఇప్పుడు గుర్రాలన్నిటి గురించీ రాస్తున్నాను, గెలిచే నాలుగింటి గురించే కాదు. దేన్నైనా కొట్టెయ్యాలంటే దాని గురించి కనీసం ఒక నిజమైన వాక్యం రాయాలి. ప్రివ్యూ ఆరు పేజీలైంది, చదివేవాళ్ళు సగమయ్యారు. రెండోది, షీటులో ఫలితం పక్కన ఇంకో వరస కలిపాను. "ఇల్లు చేరిందా?" అని. ఆ ఇంటర్న్ అమ్మాయి అప్పటికే వేరే కంపెనీకి వెళ్ళిపోయింది.

2025 ఏప్రిల్ 5. నిక్ రాకెట్ గెలిచింది, ముప్ఫై మూడుకి ఒకటి ధరలో. తండ్రి విల్లీ మలిన్స్ శిక్షణ, కొడుకు ప్యాట్రిక్ జాకీ. తండ్రి కెమెరా ముందే ఏడ్చేశాడు. నా నాలుగు పేర్లలో అది లేదు. సెలబ్రే డాలెన్ అనే పదమూడేళ్ళ గుర్రం ఉంది రేసులో, నూట పాతికకి ఒకటి. దాని గురించి నేను రాసిన ఒక వాక్యం: "ఈ వయసులో ఈ రేసుకి రావడమే గొప్ప, ఇంటికొస్తే చాలు." రేసు చివర్లో కాసేపు అది ముందుకొచ్చింది కూడా. నేను లేచి నిలబడ్డాను. తర్వాత ఒక్కసారిగా శక్తంతా అయిపోయింది, జాకీ ఆపేశాడు, ట్రాక్ మీదే కూలబడింది. షీటులో పీ అని కొట్టాను. పక్క వరస ఖాళీగా వదిలేశాను.

ఆదివారం చూశాను. గుర్రాల అంబులెన్సులో తీసుకెళ్ళారని, చికిత్స జరుగుతోందని వార్త. సోమవారం ఆఫీసులో ఎవరో గెలిచారు, డోనట్లు వచ్చాయి. మంగళవారం చనిపోయిందని ప్రకటించారు.

రికార్డుల్లో దానికి చివర ఉండేది పీ అనే అక్షరమే. మధ్యలో ఆగింది, అంతే. అందులో తప్పేమీ లేదు, రూలు ప్రకారం అదే సరైనది. మంగళవారం సాయంత్రం, అందరూ మర్చిపోయిన షీటు తెరిచి, ఆ ఖాళీ గడిలో "లేదు" అని రాసి మూసేశాను.

రాత్రి మావయ్య ఫోన్ చేశాడు, ఎప్పుడూ చేసినట్టే. "ఏరా అల్లుడూ, ఈసారి నీ గుర్రం గెలిచిందా?"

చెప్పాను. ముందు ఆ పదమూడేళ్ళ దాని గురించే చెప్పాను.